కొట్టేసిన సోమవారం

హేమ్లికి ఒక జబ్బుంది. ఎక్కడ మరక కనిపించినా చెయ్యి ఊరుకోదు. బస్సెక్కితే ముందు సీటు వెనక ఎవరో పెన్నుతో రాసిన పేర్లను చున్నీ కొసతో రుద్దుతుంది. పోవని తెలుసు, అయినా రుద్దుతుంది. ఈ పిల్లను అత్తగారింట్లో ఎట్లా భరిస్తారోనని తండాలో వాళ్లమ్మ దిగులు పెట్టుకుంది. ఆ జబ్బే హేమ్లికి ఉద్యోగంలో మంచి పేరు తెచ్చింది. మొన్నటి ఎండాకాలం ఆ జబ్బే మెడకు చుట్టుకుంది.

ఇల్లందు నుంచి అడవిలోకి పోయే రోడ్డు మీద, వాగు దాటాక, ఒక గూడెంలో కోయ ఆడవాళ్ల సంఘం ఒకటుంది. ఇప్పపువ్వు, తేనె, చింతపండు, ఎండలు ముదిరే ముందు అడవి మామిడికాయలు సేకరించి అమ్ముతారు. సంఘానికి పెద్ద గంగక్క. ఆమె బావ భద్రయ్య కొడుకు బాలకృష్ణ డిగ్రీ చదివి సెక్రటరీగా లెక్కలు చూస్తున్నాడు. కంప్యూటర్ దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలన్నప్పుడు హేమ్లి వచ్చింది. లంబాడీ పిల్ల మనకెందుకు, మన పిల్లలు లేరా అని కొందరు గొణిగారు. పని వచ్చినవాళ్లు ఎవరైతేనేం అని గంగక్క ఒక్క మాటతో నోళ్లు మూయించింది. ఆఫీసు వెనక గదిలో ఉండమంది. వారంలో సగం రోజులు హేమ్లి అన్నం గంగక్క ఇంట్లోనే, ఆమె పక్కన పీట మీద. ఆ గూడెంలో తనకంటూ ఒక చోటు దొరికిందని హేమ్లి లోలోపల మురిసిపోయేది. ఎవరితోనూ అనలేదు గాని, ఆ చోటు పోతుందేమోనన్న భయం కూడా ఆమెకు ఎప్పుడూ ఉండేది.

సంఘం మామిడికాయలు కొనేది ఖమ్మంలో పచ్చళ్ల వ్యాపారం చేసే వెంకటరామారావు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొలాలు కొన్న కుటుంబం. అడవిలో ఆడవాళ్లు స్వయంగా కోసిన కాయలతో పెట్టిన ఆవకాయ అంటే హైదరాబాద్ స్టోర్లలో ఎగబడి కొంటారని ఆయన కనిపెట్టాడు. అందుకని సంఘం నుంచి వచ్చే ఇంగ్లిష్ మెయిళ్లను ఉన్నవి ఉన్నట్టు ఆ స్టోర్ల వాళ్లకు పంపి చూపించుకునేవాడు.

ఆ మెయిళ్ల తయారీ ఒక తతంగం. గంగక్క నోటితో చెబుతుంది. బాలకృష్ణ దాన్ని ఫోన్లో చాట్‌బాట్‌కు అప్పజెప్పి ఇంగ్లిష్ చేయించి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. హేమ్లి కాపీ చేసి మెయిల్లో పెట్టి పంపుతుంది. చాట్‌బాట్ దగ్గర లావు అక్షరాల్లో దర్జాగా కనిపించిన మాట మెయిల్లోకి వచ్చేసరికి అటు రెండు చుక్కలు, ఇటు రెండు చుక్కలు తగిలించుకుని దిగేది. హెడ్డింగ్ ముందు జల్లెడలాంటి గుర్తులు. మధ్య మధ్య వంకర గీతలు. ఒకసారి వెంకటరామారావు ఫోన్ చేసి, పచ్చడి మీద ఆవాలు చల్లినట్టు మెయిల్ నిండా ఈ చుక్కలేమిటమ్మా, చూసినవాళ్లు మనల్ని ఏమనుకుంటారు అని అడిగాడు. ఆయన కోప్పడలేదు, నవ్వుతూనే అన్నాడు. హేమ్లికి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

అప్పటి నుంచి ఆమె చేతికి పని దొరికింది. ఒక గుర్తును చూపించి, అది ఎక్కడున్నా తీసెయ్యి అంటే క్షణంలో తీసేసే మీట ఒకటుందని తెలుసుకుంది. చుక్కలు తీసెయ్యి, జల్లెడలు తీసెయ్యి, వంకర గీతలు తీసెయ్యి. నొక్కిన ప్రతిసారీ కడిగిన గచ్చులా మెయిల్ తేటపడేది. చూసుకుని చూసుకుని పంపేది. ఆ చూసుకోవడంలో ఒక లోపముంది. గుర్తులు మిగిలాయా అనే చూసేది గాని, మాటలు చదివేది కాదు.

ఏప్రిల్లో గూడెం పెద్దలు కూర్చుని మామిడి కొత్త పండుగ ఆదివారం అని తేల్చారు. ఆ పండుగ కాకుండా గూడెంలో ఎవరూ మామిడికాయ ముట్టరు. కొయ్యరు, తినరు, అమ్మరు. ముందు వేల్పులకు, పోయిన పెద్దలకు పెట్టాలి, తర్వాతే మనుషులు నోట పెట్టుకోవాలి. పండుగ ఆదివారం అయితే కోత సోమవారం. సోమవారం లోడు సిద్ధం చేస్తామని బాలకృష్ణ గ్రూపులో పెట్టాడు. హేమ్లి అప్పటికే బాబాయి కూతురు నిశ్చితార్థానికి తండాకు బయల్దేరే తొందరలో ఉంది. తర్వాత పంపుదామనుకుంది.

శుక్రవారం సాయంత్రం తండాలో పాటలు, డప్పులు, చుట్టాల హడావుడి. ఆ గోలలో బాలకృష్ణ దగ్గర నుంచి మరో మెసేజ్ వచ్చింది. పైన నోటిఫికేషన్లో మొదటి మాటలు కనిపించాయి. మొన్నటి మెసేజే. అడుగున ఏదో ఒక లైన్ కలిపినట్టున్నాడనుకుంది. పంపలేదని గుర్తు చేస్తున్నాడు కాబోలని నాలుక కరుచుకుని, చదవకుండానే ఫోన్లో గబగబా కాపీ చేసి మెయిల్లో పెట్టింది. పెట్టగానే ఒక లైనుకు అటూ ఇటూ వంకర గీతలు కనిపించాయి. మళ్లీ మొదలు అనుకుని రెండింటినీ తుడిచేసింది. మెయిల్ వెళ్లిపోయింది. ప్రాణం తేలికపడి, వెళ్లి చుట్టాలకు బూంది వడ్డించింది.

ఆదివారం మధ్యాహ్నం వాగు దగ్గర బస్సు దిగేసరికి పండుగ సందడి ఏమీ లేదు. డోలు చప్పుడు లేదు. స్టాపు దగ్గర టీ కొట్టులో అడిగితే, భద్రయ్య గురువారం సాయంత్రం పోయాడని, శుక్రవారం మట్టి చేశారని చెప్పారు. హేమ్లి సంచి కూడా ఆఫీసులో పెట్టకుండా గంగక్క ఇంటికి వెళ్లింది. గుండు చేయించుకున్న బాలకృష్ణ అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. గంగక్క ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పోయినాయన చివరి రోజు గురించి కొంచెం కోయలో, కొంచెం తెలుగులో చెప్పుకుంది. ఊళ్లో చావు జరిగాక మైల తీరేదాకా పండుగ ఉండదు.

"పండుగ ఆపినం బిడ్డా. ఖమ్మం సారుకు ఎరుక చేసినవ్ గద?" అంది గంగక్క.

"అవ్ అక్కా, మొన్ననే మెయిల్ పెట్టిన" అంది హేమ్లి. తను పెట్టిన మెయిల్లో ఆ సంగతే ఉండి ఉంటుందనుకుంది. అబద్ధం చెబుతున్నానని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆఫీసు తలుపు తీసి కంప్యూటర్ ఆన్ చెయ్యగానే వెంకటరామారావు జవాబు కనిపించింది. చాలా సంతోషం, సోమవారం పొద్దున్నే లారీ వస్తుంది, రెండో లోడు తేదీ పండుగ అయ్యాక చెబుతామన్నారు, అదీ సరే అని రాశాడు. హేమ్లి ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. బాలకృష్ణ మెసేజ్‌లో సోమవారం లోడు లైను మీద అడ్డంగా గీత ఉంది. కొట్టేసిన లైను అది. దాని కింద, కొత్త తేదీ పండుగ తర్వాత చెబుతామని ఉంది. వాట్సాప్‌లో మాటను కొట్టెయ్యాలంటే దానికి అటూ ఇటూ వంకర గీత పెడతారు. అక్కడ అది అడ్డగీతగా కనిపిస్తుంది. మెయిల్లోకి వస్తే ఉత్త వంకర గీతలే. వాటిని హేమ్లి చెత్త అనుకుని ఊడ్చేసింది. కొట్టేసిన సోమవారం లేచి కూర్చుంది.

పంపిన మెయిల్ తెరిచి చూసింది. అంత శుభ్రమైన మెయిల్ ఆమె ఎప్పుడూ పంపలేదు.

అప్పుడే చెప్పేస్తే ఇంత కథ లేదు. చెబుదామనే వెంకటరామారావుకు ఫోన్ చేసింది. ఆయన మొదటి రింగుకే ఎత్తి, ఆమెను నోరు తెరవనివ్వకుండా మొదలుపెట్టాడు. మెయిల్ స్టోరు వాళ్లకు పంపితే ఎంత నీటుగా రాస్తారండీ మీ సంఘం వాళ్లు అన్నారట. మంగళవారం వాళ్ల మనిషి కాయలు చూడ్డానికి ఖమ్మం వస్తున్నాడట. నచ్చితే ఏడాదంతా సంఘం సరుకు మొత్తం వాళ్లే తీసుకుంటారట. "అంతా నీ చలవే అమ్మా హేమ్లీ" అన్నాడు. హేమ్లి చెప్పాలనుకున్నది చెప్పలేదు. సరే సార్ అని పెట్టేసింది. పెట్టేశాక తనను తాను తిట్టుకుంది. మళ్లీ చేద్దామని ఫోన్ తీసింది, పెట్టింది, తీసింది. ఆఫీసు గది ఊడ్చింది. ఊడ్చిన గదినే ఇంకోసారి ఊడ్చింది.

గంగక్కతో చెప్పాలంటే ఆ ఇంటికి వెళ్లాలి. చావు ఇంట్లో కూర్చుని, మీరు పండుగ ఆపితే నేను సోమవారమే లోడు ఇస్తామని రాశాను అని ఏ మొహంతో చెప్పడం? పైగా సారుకు ఎరుక చేశానని ఇందాకే అనేసింది. లంబాడీ పిల్లను పెట్టుకోవద్దన్న ఆడవాళ్ల మొహాలు ఒక్కొక్కటే కళ్ల ముందుకొచ్చాయి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది, గంగక్క పక్కన ఆ పీట మళ్లీ దొరకదు. ఇదే ఆమెను నిలవనివ్వలేదు. ఎవరికీ తెలియకుండా ఇది సర్దేయాలి. మరక పడింది, తుడిచెయ్యాలి. ఆమె బుర్ర ఇంకో దారి వెతకలేదు.

సాయంత్రానికి ఉపాయం దొరికింది. మామిడికాయ ముట్టకూడనిది గూడెం వాళ్లు. తండా వాళ్లకు ఆ పట్టింపు లేదు. ఇల్లందులో ట్రాలీ ఆటో నడిపే అన్న రూప్‌సింగ్‌కు ఫోన్ చేసింది. నలుగురిని వేసుకుని తెల్లారేసరికి రమ్మంది. వాగు వెంట దూరంగా ఉన్న చెట్లు కోసి రోడ్డు మీదికి చేరవేస్తే లారీ అక్కడి నుంచే ఎక్కించుకుని పోతుంది. వచ్చిన డబ్బు సంఘం ఖాతాలోనే పడుతుంది. ఎవరికీ నష్టం లేదు. రూప్‌సింగ్ ఒక్కటే అడిగాడు, ఆ చెట్ల వాళ్లకు తెలుసా అని. నేను చూసుకుంటానంది. ఆ రాత్రి ఆమె కంటి మీదికి కునుకు రాలేదని వేరే చెప్పాలా.

పొద్దున రూప్‌సింగ్ అనుకున్నదాని కంటే ముందే వచ్చాడు. చెల్లెలు చెప్పిన వాగు దారి తెల్లారని మసక చీకట్లో దొరక్క, ఆఫీసుకూ గూడేనికీ మధ్య బాట పక్కనున్న పెద్ద చెట్టు దగ్గరే ఆటో ఆపాడు. హేమ్లి పరుగున వచ్చేసరికి ఇద్దరు కొమ్మల్లో ఉన్నారు. ఇది కాదన్నా, ఆ వెనకవి అని చెప్పబోయింది. అప్పటికే సగం గోనె కాయలు కింద ఉన్నాయి. ఎలాగూ మొదలైంది, త్వరగా కానిచ్చేస్తే ఎవరూ లేవకముందే అయిపోతుందనుకుంది. గోనె మూతి తనే తెరిచి పట్టుకుంది.

డోలు కూడా మోగని ఊళ్లో కాయలు రాలుతున్న చప్పుడు ఎంత దూరం పోతుందో ఆమె ఆలోచించలేదు.

ముందు గంగక్క వచ్చింది. మైలలో ఉన్న మనిషి గడప దాటి రాకూడదు, వచ్చింది. వెనకే బాలకృష్ణ, ఆ వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు. ఎవరూ అరవలేదు. చెట్టు మీద వాళ్లు వాళ్లంతట వాళ్లే దిగారు. రూప్‌సింగ్ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. హేమ్లి చేతిలో గోనె ఇంకా అలాగే ఉంది.

చెప్పింది. ఒకటి ముందు, ఒకటి వెనక, మధ్యలో ఏడుపు. గీతలు తుడిచానంది, సోమవారం అని పోయిందంది, సారుకు చెప్పలేకపోయానంది. గంగక్కకు గీతల సంగతి సగమే అర్థమైంది. బాలకృష్ణకు మొత్తం అర్థమైంది.

"మా నాయనను మట్టిల పెట్టొచ్చి, తానం చేసి, ఆ లైన్ కొట్టేసిన హేమ్లీ" అన్నాడు. అంతకు మించి అనలేదు. ఆ మాట ఆమె గుండెలో దిగింది. ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

గంగక్క మాత్రం మెయిల్ సంగతి చేత్తో పక్కకు తోసేసింది.

"గది పోనీ. రాత పనిల తప్పు ఎవ్వలకైనా వడ్తది. మళ్లొక మెయిల్ పెడితే అయిపోతుండె" అంది. కింద కాయల వైపు చూసింది. "గీళ్లను ఎందుకు పిలిచినవ్?"

"మీరు ముట్టొద్దు గద అక్కా. మావోళ్లకైతే పట్టింపు లేదని..." హేమ్లి మాట మధ్యలో ఆగిపోయింది. నోట్లోంచి బయటికి వచ్చాక ఆ ఉపాయం ఆమెకే కంపు కొట్టింది.

"మేం ముట్టకుంటే సాలనుకున్నవా?" గంగక్క గొంతు పెరగలేదు. "గిన్నేండ్ల సంది ఈ చెట్లకు కావలి లేదు బిడ్డా. ఎవ్వరూ ముట్టరనే ధైర్నం. నువ్వు మా కంచంల తిన్నదానివి. నువ్వే తీస్కొచ్చినవ్."

తండా వాళ్లు తప్పు చేసినవాళ్లలా ఒక పక్కకు జరిగి నిలబడ్డారు. నిజానికి వాళ్ల తప్పేమీ లేదు, పిలిస్తే వచ్చారు. ఆ సిగ్గు కూడా హేమ్లి మీదే పడింది.

లారీ వచ్చి రోడ్డు మీద హారన్ కొట్టింది. గంగక్క ఫోన్ తీసి హేమ్లి చేతికే ఇచ్చింది. నువ్వే చెప్పమంది. హేమ్లి ఈసారి వెంకటరామారావును మాట్లాడనివ్వలేదు. మెయిల్ తప్పు తనదని, ఊళ్లో చావు జరిగిందని, పండుగ కాలేదని, కాయలు లేవని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆయన గట్టిగానే కోప్పడ్డాడు. ఇంత చిన్న ముక్క నిన్న చెప్పడానికి నీకేం అడ్డం వచ్చిందమ్మా అన్నాడు. స్టోరు వాళ్లకు తను ఏం చెప్పుకోవాలన్నాడు. కాసేపటికి చల్లబడి, పోయినాయన ఎవరని అడిగాడు. పండుగ అయ్యాకే లారీ పంపుతానని పెట్టేశాడు. నిన్న ఆమెను అంతగా భయపెట్టిన సంగతి ఒక్క ఫోన్‌తో తేలిపోయింది. లారీ ఖాళీగా తిరిగిపోయింది.

మిగిలింది గోనె. రూప్‌సింగ్ కాయలు ఆటోలో వేసుకుపోతానన్నాడు, కళ్ల ముందు లేకుండా పోతాయని. హేమ్లికీ అదే కావాలి. గంగక్క వద్దంది. ఎక్కడ కోశారో అక్కడే పొయ్యమంది. పోశారు. ఆడవాళ్లు గూడేనికి వెళ్లిపోయారు. హేమ్లి సంచి సర్దుకోవడానికి వెనక గదిలోకి వెళ్లింది. బాలకృష్ణ గుమ్మం దాకా వచ్చి, మధ్యాహ్నం బ్యాంకు మెయిల్ ఒకటి పంపాలని, గంగక్క చెప్పమందని అనేసి వెళ్లాడు. సర్దిన సంచి మళ్లీ విప్పుకుంది.

మైల తీరాక పెద్దలు కూర్చుని పండుగ రోజు పెట్టారు. డోళ్లు మోగాయి, వేల్పులకు కొత్త కాయ పెట్టారు, భద్రయ్య పేరు చెప్పి ఆయనకూ పెట్టారు. ఆ మర్నాడే కోతలు మొదలయ్యాయి. వెంకటరామారావు లారీ మళ్లీ వచ్చింది. స్టోరు వాళ్లు ఏడాది మాట ఇంకా తేల్చలేదుగాని కాయలు మాత్రం తీసుకున్నారు. హేమ్లి ఉద్యోగం పోలేదు. గంగక్క మునుపటిలాగే అన్నానికి పిలిచింది. పక్కన పీట అలాగే ఉంది. అది పోతుందనే కదా ఇంత చేసింది. ఇప్పుడు ఆ పీట మీద కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

ఒక్క బాట పక్క చెట్టును మాత్రం ఎవరూ కొయ్యలేదు. పండుగ కాకముందే కోసిన చెట్టు కాబట్టి ఈ ఏడు అది మనది కాదని గంగక్క పెద్దలకు చెప్పింది. వాళ్లు తలూపారు.

అలా ఆ ఎండాకాలమంతా ఆ చెట్టు కాయలు చెట్టునే పండాయి. పండి రాలాయి. రాలినవి బాట నిండా చితికి, ఈగలు ముసిరి, పుల్లటి వాసన ఆఫీసు గదిలోకి కూడా వచ్చేది. గూడెం ఆడవాళ్లు గంపలతో ఆ బాటనే పోతూ పక్కకు జరిగి నడిచేవారు. రోజూ పొద్దునా సాయంత్రం హేమ్లి కూడా ఆ పండ్ల మధ్య నుంచే పోవాలి. చీపురు ఆఫీసు తలుపు వెనకే ఉంది. ఊడిస్తే గంటలో అయిపోయే పని. ఆమె ఊడిస్తే ఎవరూ ఏమీ అనరని కూడా తెలుసు. గూడెం పిల్ల కాదుగా.

ఒకరోజు సరిగ్గా కాలి ముందు ఒక పండు పడింది. పగల్లేదు. బాటకు అడ్డంగా ఉందని, తీసి అవతల పెడదామని హేమ్లి వంగింది. వేళ్లు దాదాపు తగిలాయి. చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఎవరూ లేకపోవడం చూశాకే, మళ్లీ అదే పని చెయ్యబోయానని ఆమెకు ఏడుపొచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పండును దాటి ఆఫీసుకు నడిచింది.